ఎడమ మోకాలి బ్రేస్‌ని కుడి మోకాలికి తొడగకండి

ప్రశ్న: మా అమ్మకి 64 ఏళ్ళు. బరువు 78 కిలోలు, షుగర్‌కి మాత్రలు వాడుతుంది. రెండు మోకాళ్ళూ నొప్పే గానీ కుడిది మరీ ఎక్కువ. నిలబెట్టి ఎక్స్-రే తీసి, కుడి మోకాలి లోపలివైపు గుజ్జు బాగా అరిగింది, గ్రేడ్ 3 అన్నారు. కాళ్ళు కాస్త దొడ్డికాళ్ళలా వంగాయి. మందుల షాపులో కొన్న ‘నీ క్యాప్’ని (మోకాలికి తొడిగే సాగే తొడుగుని) పగలూ రాత్రీ తీయడం లేదు. దాని పై అంచు చుట్టుకుపోయి కిందికి జారుతోంది. మోకాలి వెనక దురద, ఎర్రటి దద్దుర్లు. సాయంత్రానికి పాదం వాస్తోంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఇక్కడికి వచ్చేవాళ్ళ చేత పెద్ద బ్రేస్ ఒకటి పంపాడు. డబ్బా మీద ‘అన్‌లోడర్’ అనీ, ‘లెఫ్ట్ మీడియల్ / రైట్ లేటరల్’ అనీ ఉంది. అది వేయొచ్చా? బ్రేస్ వేసుకుంటే కండరాలు పాడైపోతాయని పక్కింటావిడ అంటున్నారు, నిజమేనా? దీంతో ఆపరేషన్ తప్పుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. అన్నయ్య పంపిన బ్రేస్‌ని అమ్మగారి కుడి మోకాలికి వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే ఈ రోజే తీసేయండి. ఎందుకో ఆ డబ్బా మీదే రాసి ఉంది.

మోకాలి కీలులో బరువు మోసే గదులు రెండు. రెండో మోకాలికి ఎదురుగా ఉండే లోపలి గది మీడియల్, బయటివైపుది లేటరల్. అమ్మగారికి అరిగింది లోపలి గది. కాలు దొడ్డికాలుగా వంగేకొద్దీ ఒంటి బరువు ఇంకా ఎక్కువగా ఆ అరిగిన వైపే పడుతుంది. ఆ బరువులో కొంత భాగాన్ని బాగున్న గది మీదికి మళ్ళించడమే అన్‌లోడర్ బ్రేస్ చేసే పని. అందుకోసం అది మూడు చోట్ల ఒత్తిడి పెడుతుంది. మోకాలి దగ్గర బయటినుంచి లోపలికి నెడుతుంది. తొడ దగ్గరా పిక్క దగ్గరా దానికి ఎదురు దిశలో పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు దిశ గమనించండి. ఎడమ కాలి లోపలి అరుగుదలకు చేసిన బ్రేస్ మోకాలిని ఎడమనుంచి కుడికి నెడుతుంది. దాన్నే కుడి కాలికి తొడిగినా నెట్టేది ఎడమనుంచి కుడికే. కానీ కుడి కాలికి ఎడమ పక్క అంటే లోపలి పక్క. అంటే మోకాలిని బయటికి తోసి, ఉన్న వంపుని ఇంకాస్త పెంచే దిశలో లాగి, బరువుని సరిగ్గా అరిగిన గది మీదే వేస్తుంది. అందుకే తయారీదారులు ఒకే బ్రేస్ మీద ఆ రెండు పేర్లూ వేస్తారు: ఎడమ కాలికైతే లోపలి అరుగుదలకి, కుడి కాలికైతే బయటి అరుగుదలకి. సైజు సరిపోయింది కదా అని వేసుకుని, నొప్పి పెరిగాక ‘ఈ బ్రేసులన్నీ దండగ’ అని మూల పడేసేవాళ్ళు ఉంటారు. తప్పు వస్తువుది కాదు, అది వేసుకున్న పక్కది.

అన్నయ్య దాన్ని మార్చగలిగితే ‘రైట్ మీడియల్’ అడగమనండి. కొన్ని మోడళ్ళని ఎటువైపుకైనా మార్చి బిగించుకోవచ్చు. కొనేముందు ఆ వివరం చూసుకోవాలి. ఆర్డర్ పెట్టేముందు కొలతలు మీరే తీసి పంపండి. అమ్మగారిని నిలబెట్టి, మోకాలి చిప్ప మధ్యలో పెన్నుతో చిన్న గుర్తు పెట్టండి. అక్కడినుంచి పైకి 15 సెంటీమీటర్ల దగ్గర తొడ చుట్టుకొలత, కిందికి 15 సెంటీమీటర్ల దగ్గర పిక్క చుట్టుకొలత, గుర్తు దగ్గర మోకాలి చుట్టుకొలత తీయండి. టేపు చర్మానికి తగలాలి, నొక్కుకోకూడదు. అమెరికా సైజు పట్టికలు అంగుళాల్లో ఉంటాయి, 15 సెంటీమీటర్లంటే 6 అంగుళాలనుకోండి. ఏ కొలత ఎక్కడ తీయాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. ‘ఎల్’, ‘ఎక్స్ఎల్’ అనే అక్షరాలను నమ్మకుండా ఆ కంపెనీ పట్టికలోని అంకెలే చూడండి.

ఎడమ మోకాలు కూడా నొప్పే అన్నారు. అక్కడా అరిగింది లోపలివైపే అని ఎక్స్-రేలో తేలితే ఇదే బ్రేస్ ఆ కాలికి పనికిరావచ్చు. అయితే ఆ ఎక్స్-రే ఫిజియోథెరపిస్టుకి చూపించి, మొదటిసారి వాళ్ళ ఎదుటే తొడిగించండి.

ఇక నీ క్యాప్. దద్దుర్లు పూర్తిగా తగ్గేదాకా దాన్ని పక్కన పెట్టండి. తగ్గాక వేసినా రాత్రిపూట మాత్రం వద్దు. పడుకున్నప్పుడు మోకాలి మీద బరువే లేదు, అప్పుడది చేసే మేలూ లేదు. పైగా చుట్టుకుపోయిన పై అంచు తొడ చుట్టూ బిగించిన తాడుతో సమానం. కింది నుంచి పైకి వెళ్ళాల్సిన సిరల రక్తం అక్కడ ఆగుతుంది, సాయంత్రానికి పాదం వాస్తుంది. క్యాప్ తీసేశాక రెండు మూడు రోజుల్లో వాపు పోతే కారణం అదే. పోకపోతే డాక్టరుకి చూపించాలి. షుగర్ ఉన్నవాళ్ళకి, బీపీ మాత్రల్లో కొన్నిటితో, గుండె, కిడ్నీ సమస్యలతో కూడా పాదాలు వాస్తాయి.

అంచు చుట్టుకుపోవడానికి ముఖ్య కారణం కాలి ఆకారం. తొడ లావుగా, పిక్క సన్నగా ఉన్నవాళ్ళకి గొట్టంలా తొడిగే క్యాప్ ఏ సైజులోనూ నిలవదు. చిన్నది కొంటే నొక్కుతుంది, పెద్దది కొంటే జారుతుంది. అలాంటివాళ్ళు ముందువైపు తెరుచుకుని, వెల్క్రో పట్టీలతో పైనా కిందా విడివిడిగా బిగించుకునే రకం తీసుకోవాలి. మోకాలు వాచి ఉన్నప్పుడు కూడా అదే మేలు, వాపుని బట్టి సర్దుకోవచ్చు. మన ఎండల్లో మందపాటి నియోప్రీన్ రబ్బరు కింద చెమట ఆరదు, దురదకి అదే కారణం కావచ్చు. అల్లిన గుడ్డతో చేసినవి, గాలి ఆడేవి దొరుకుతాయి, అవి తీసుకోండి. దద్దుర్లు గుండ్రంగా, అంచుల్లో ఎర్రగా వ్యాపిస్తుంటే ఫంగస్ అయి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళు షాపులో దొరికే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు రాయకుండా చర్మ డాక్టరుకి చూపించాలి.

నీ క్యాప్‌తో ఏం వస్తుంది, ఏం రాదు అన్నది కూడా తెలిసి ఉండాలి. అది వెచ్చదనం ఇస్తుంది, కాస్త పట్టి ఉంచుతుంది, మోకాలు ఎక్కడుందో మెదడుకి ఇంకాస్త బాగా తెలిసేలా చేస్తుంది. దాంతో అడుగు ధైర్యంగా పడుతుంది. చాలామందికి ఈ ఊరట నిజంగా ఉంటుంది. కానీ కాలి వంపుని మార్చదు, ఒక గది బరువుని ఇంకో గదికి పంపదు. పక్కల కడ్డీలూ, వాటి మధ్య తలుపు బందులా మడిచే కీలూ (హింజ్) ఉన్న బ్రేస్ మోకాలు పక్కకి తూలిపోయేవాళ్ళకి పనికొస్తుంది. చిప్ప చుట్టూ గుండ్రటి రంధ్రం, దాని అంచున మెత్తటి దిండు ఉండే రకం చిప్ప కింద అరిగినవాళ్ళకి, అంటే ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడూ కుర్చీలోంచి లేచేటప్పుడూ చిప్ప వెనక నొప్పి వచ్చేవాళ్ళకి. కాలు కదలకుండా నిటారుగా పట్టే పొడుగాటి బ్రేస్ దెబ్బ తగిలినప్పుడో ఆపరేషన్ అయ్యాకో వేసేది. అరుగుదల నొప్పికి దాన్ని కొనకండి. మీ అమ్మగారిలా ఒక్క లోపలి గదే ఎక్కువగా అరిగి, కాలు వంగి ఉంటే అన్‌లోడర్ ప్రయత్నించదగ్గది. గదులన్నీ అరిగిపోయినా, వంపు చేత్తో నెట్టినా సర్దుకోనంతగా గట్టిపడిపోయినా దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. తొడ కండ మరీ మెత్తగా, లావుగా ఉంటే ఒత్తిడి ఎముకదాకా చేరకుండా కండలోనే ఇంకిపోతుంది. బ్రేస్ కూడా జారుతుంది.

నిపుణుల సలహాలు ఇక్కడ రెండు రకాలుగా కనిపిస్తాయి. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, ఆర్థరైటిస్ ఫౌండేషన్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు, అరుగుదల వల్ల నడకకీ నిలకడకీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి మోకాలి బ్రేస్‌ని గట్టిగా సిఫారసు చేశాయి. 2022లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ మాత్రం అందరికీ మామూలుగా ఇవ్వొద్దంది. మోకాలు నిలకడగా లేకపోవడమో, బరువు తేడాగా పడడమో ఉండి, దానికి తోడు బ్రేస్ లేకుండా వ్యాయామం కుదరకపోయి లేదా ఫలితం ఇవ్వకపోయి, బ్రేస్‌తో కదలిక మెరుగయ్యేలా ఉంటేనే ఇవ్వాలంది. నా లెక్కలో ఇవి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మోకాలు నొప్పి అనగానే అందరికీ ఒక క్యాప్ అంటగట్టడం తప్పు. ఎవరి మోకాలు ఎటు అరిగిందో చూసి, నడిపించడానికి ఇవ్వడం ఒప్పు. అమ్మగారు రెండో కోవలోకే వస్తారు.

సరైన బ్రేస్ వచ్చాక తొడిగే పద్ధతి ఇది. ఎత్తైన కుర్చీ అంచున కూర్చోబెట్టి, కాలు కొద్దిగా ముందుకు చాచి మడమ నేలకి ఆనించమనండి. చర్మం పొడిగా ఉండాలి, నూనె గానీ పౌడరు గానీ రాసి ఉండకూడదు. కంపెనీ కాగితంలో నేరుగా చర్మం మీదే వేయమని లేకపోతే పల్చటి నూలు లెగ్గింగు మీద వేయొచ్చు, చీర కింద అదే సుఖం. పట్టీలన్నీ వదులు చేసి, హింజ్ మధ్యభాగం మోకాలి చిప్ప మధ్యకి ఎదురుగా వచ్చేలా పెట్టండి. ఇది రెండు వేళ్ళ మందం కిందికి జారినా బ్రేస్ ఒకచోట, కాలు ఇంకోచోట మడుస్తాయి. బ్రేస్ గీరుకుపోయేదీ, నొప్పి పెంచేదీ చాలావరకు అక్కడే. చాలా మోడళ్ళలో ముందు బిగించాల్సింది మోకాలికి సరిగ్గా కింద, పిక్క కండ ఉబ్బు మొదలయ్యే చోటికి పైన ఉండే పట్టీని. బ్రేస్ జారకుండా నిలిపేది అదే. చాలామంది తొడ పట్టీతో మొదలుపెడతారు, పది అడుగులకే మొత్తం కిందికి దిగిపోతుంది. తర్వాత తొడ పట్టీ, ఆ తర్వాత మిగిలినవి. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి. బరువు మళ్ళించే అడ్డపట్టీనో, తిప్పే బిరడానో చివర్లో, అదీ అతి తక్కువ బిగువుతో మొదలుపెట్టండి. లేచి ఐదు నిమిషాలు ఇంట్లో నడిపించి, కూర్చోబెట్టి, మళ్ళీ ఒకసారి అన్నీ సర్దండి. బిగువు రోజుకి కొంచెం చొప్పున పెంచుతూ, అడుగు వేసినప్పుడు నొప్పి తగ్గిన చోట ఆపండి. అంతకు మించి బిగిస్తే ఫలితం పెరగదు, చర్మం కోసుకుపోతుంది.

మొదటి రోజు అరగంట చాలు. తీసి చర్మం చూడండి. పట్టీ గుర్తులు ఎర్రగా ఉండడం మామూలే, అరగంటలోపు మాయమవ్వాలి. మాయమవకపోతే అక్కడ ఒత్తిడి ఎక్కువైనట్టు. బాగుంటే రోజుకో గంట పెంచుకుంటూ, నడిచే వేళల్లో, నిలబడి పని చేసే వేళల్లో వేయండి. కూర్చుని టీవీ చూసేటప్పుడు, పడుకునేటప్పుడు తీసేయాలి. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటే పట్టీ కోసుకుపోతున్నా అమ్మగారికి తెలియకపోవచ్చు. అందుకని ప్రతిరోజూ తీశాక మోకాలి వెనకా, పక్కలా మీరే కళ్ళతో చూడండి. ఇంకో చోటు కూడా చూడాలి. మోకాలికి బయటి పక్క, కాస్త కింద, చేతికి తగిలే చిన్న ఎముక గుబ్బ ఉంటుంది. దాని కిందినుంచే పాదాన్ని పైకి ఎత్తే నరం చుట్టుకుని వెళ్తుంది. పట్టీ దాని మీద నొక్కితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది, ఎక్కువసేపు నొక్కితే పాదం వేలాడిపోయే ప్రమాదం ఉంది. తిమ్మిరి అనగానే తీసేయండి. కాళ్ళలో రక్త ప్రసరణ తక్కువని ఇదివరకే చెప్పి ఉంటే, సిరలు బాగా ఉబ్బి ఉంటే, డాక్టర్ని అడక్కుండా ఏ బ్రేసూ బిగించొద్దు.

ఒక విషయం మీరు రాయలేదు గానీ మన ఇళ్ళలో దాదాపు అందరూ చేసేదే కాబట్టి చెబుతున్నాను. నొప్పికి రాసే డైక్లోఫెనాక్ జెల్ గానీ, మంట పుట్టించే బామ్ గానీ రాసి వెంటనే పైన క్యాప్ వేయకూడదు. మూసి ఉంచిన చర్మంలోంచి మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది, బామ్ అయితే చర్మం కాలినట్టు అవుతుంది. బ్రేస్ తీసేశాక, కాలు కడిగి తుడిచి, పడుకోబోయే ముందు జెల్ రాయండి.

కండరాల సంగతి. నడిచేటప్పుడు బ్రేస్ వేసుకున్నంత మాత్రాన కండరం కరిగిపోదు. బ్రేస్ ఉంది కదా అని వ్యాయామం మానేసి, నడక తగ్గించి కూర్చుంటే కరుగుతుంది. పక్కింటావిడ చూసింది బహుశా అదే అయి ఉంటుంది. కాబట్టి బ్రేస్‌తో పాటు ఇవి తప్పనిసరి. మంచం మీద కాలు చాచి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి 5 అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచాలి. ఇలా 10 సార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడు పైకి ఎత్తి 5 అంకెలు ఆపి, మెల్లిగా దించాలి. ఇది కాలికి 10 సార్లు. ఊపిరి బిగబట్టకూడదు. ఈ రెండూ బ్రేస్ తీసేసే చేయాలి. మూడోది కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. మొదట కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, 5 సార్లతో మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ దిండ్లు తగ్గించాలి. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా పర్వాలేదు. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే, మోకాలు వాస్తే సంఖ్య సగానికి తగ్గించండి, మానేయొద్దు. రోజూ చేస్తే తేడా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది.

బరువు గురించి చెప్పి అమ్మగారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక లెక్క ఆవిడకి ఆశ కలిగిస్తుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుంది. 78 నుంచి 74కి వస్తే అడుగుకి 16 కిలోలు. షుగర్ మాత్రలు వాడుతున్నారు కాబట్టి తిండి తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడండి, మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు.

చేతికర్ర పట్టుకోవడానికి చాలామంది ఆడవాళ్ళు సిగ్గుపడతారు. కానీ ఖర్చుకి తగ్గ ఫలితం చూస్తే కర్రని మించింది లేదు. నొప్పి కుడి మోకాలికి కాబట్టి కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చెప్పులు వేసుకుని నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడుంటే కర్ర పిడి అక్కడికి రావాలి, కింద రబ్బరు బుష్ అరిగిపోకూడదు. కుడి కాలూ కర్రా ఒకేసారి ముందుకు పడాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కర్రా కుడి కాలూ. బ్రేస్ వేసుకున్నా సరే గొంతుక్కూర్చోవడం, పీట మీద కూర్చుని కూరలు తరగడం వద్దు. మోకాలు పూర్తిగా మడిస్తే కడ్డీలు వెనక గుచ్చుకుంటాయి, లోపల ఒత్తిడీ పెరుగుతుంది. పూజ కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. నేల మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ కొనండి.

బ్రేస్‌ని చేత్తో, చల్లటి నీళ్ళలో కాస్త సబ్బుతో ఉతకండి. ఉతికేముందు వెల్క్రోలు మూసేయకపోతే వాటికి పీచు పట్టి కొన్నాళ్ళకి అంటుకోవడం మానేస్తాయి. పిండకుండా తువ్వాల్లో నొక్కి, నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే లోపలి స్పాంజి పగుళ్ళిస్తుంది.

ఆపరేషన్ తప్పుతుందా అన్నారు. బ్రేస్ వల్ల గుజ్జు మళ్ళీ పెరగదు. నొప్పి తగ్గించి నడిపిస్తే, కొంతమందికి ఆపరేషన్ మాట కొన్నాళ్ళు వెనక్కి వెళ్ళొచ్చు, అంతవరకే చెప్పగలం. పనిచేస్తోందో లేదో ఊహతో తేల్చకండి. ఒక కాగితం మీద రోజూ ఒకే పనికి, ఉదాహరణకి వీధి చివరిదాకా వెళ్ళి రావడానికి, నొప్పికి సున్నా నుంచి 10 లోపు అంకె వేయమనండి. బ్రేస్‌తో కొన్ని రోజులు, లేకుండా కొన్ని రోజులు. 6 వారాల తర్వాత కూడా అంకెలు కదలకపోతే దాన్ని పట్టుకుని వేలాడకండి. ఆపరేషన్‌ని నిర్ణయించేది కూడా ఎక్స్-రేలోని గ్రేడ్ ఒక్కటే కాదు. ఇవన్నీ సరిగ్గా చేసినా రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోతే, ఇంట్లో పనులకే నడవలేకపోతే అప్పుడు ఆ కాగితం పట్టుకుని ఎముకల డాక్టర్ని కలవండి.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. మోకాలు ఎర్రగా వేడెక్కి వాచి జ్వరం వచ్చినా, మోకాలు మడిచిన చోట ఇరుక్కుపోయి తెరుచుకోకపోయినా, ఒక్క పిక్కే హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిక్క వాస్తే దారిలో గానీ ఇంట్లో గానీ దాన్ని మర్దన చేయొద్దు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.